మానేసిన నాలుగో రోజు

ప్రభువునందు ప్రియమైన సహోదర సహోదరీలారా, మీ అందరికీ నా వందనాలు. నా పేరు ఏలియా. మా సొంతూరు పెద్దకడుబూరు పక్కన ఒక పల్లె, మా నాయన కాలంలోనే ఆదోనికి వచ్చి స్థిరపడ్డాం. పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేస్తున్నాను. నేను పద్నాలుగేళ్లు సారాయి తాగినవాణ్ణి. ఎట్లా తాగానో, ఎట్లా బయటపడ్డానో, ఆ మధ్యలో ఎవరు పోయారో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కొన్ని మాటలు వినడానికి బాగుండవు, చెప్పడానికి నాకూ బాగుండవు, అయినా చెప్పాల్సిన మాట దాచడం ఇదివరకు ఒకసారి చేశాను, దాని ఫలితం చూశాను, మళ్లీ చేయను.

ఫ్యాక్టరీ చూడనివాళ్ల కోసం ఒక మాట. మా దగ్గర ఒకే పెద్ద ఇంజను ఉండేది, దాని నుంచి పొడవాటి ఇనుప షాఫ్టు, షాఫ్టు మీద బెల్టులు, ఆ బెల్టులతో వరసగా మిషన్లన్నీ తిరిగేవి. ఒక్కో మిషన్లో తోలు చుట్టిన రోలరు, దాన్ని ఆనుకుని కత్తి, ఆ రెంటి మధ్యలో పత్తి నలిగి గింజ ఒకవైపు, దూది ఒకవైపు పడతాయి. ఆ కత్తికీ రోలరుకూ మధ్య ఎడం సరిచేయడమే నా పని. అది చేతి నిలకడతో చేసే పని. ఇక సీజను మొదలైందంటే ఫ్యాక్టరీ నిండా దూది దుమ్ము, గొంతులో పొరలాగా పేరుకునేది. ఒక గ్లాసు సారాయి వేస్తే అది దిగిపోతుందని పెద్ద ఫిట్టర్లు చెప్పారు. వేశాను, దిగిపోయినట్టే అనిపించింది.

ఏడెనిమిదేళ్లు అట్లా సాయంత్రం పూట తాగాను. తర్వాత ఒకరోజు ఉదయం పానా పట్టుకుంటే చెయ్యి వణికింది. నట్టు మీద పానా నిలవలేదు. పక్కనున్నవాడు నవ్వి, పోయి ఒక గ్లాసు వేసుకుని రమ్మన్నాడు. వేసుకుని వచ్చాను, పావుగంటలో చెయ్యి రాయిలాగా నిలిచింది. అప్పటి నుంచి ఫ్యాక్టరీ సైరను కంటే ముందు సారాయంగడి దగ్గర ఉండేవాణ్ణి. తల తిరగాలని తాగడం ఎప్పుడో పోయింది సహోదరులారా, పొద్దున లేస్తే ఒళ్లంతా చెమట, కడుపులో తిప్పు, చేతుల్లో వణుకు, అవి పోవాలని తాగడమే మిగిలింది, అది తాగితే మనిషిని, తాగకపోతే కాదు.

నా భార్య సుందరమ్మది ఈ ఎమ్మిగనూరే. ఆమెకు ఒక్కడే తమ్ముడు, సుంకన్న. మీలో పెద్దవాళ్లు అతన్ని ఎరుగుదురు. నేతవాళ్ల నూలుకు రంగులద్దే పనిలో ఉండేవాడు, మోచేతుల దాకా ఎప్పుడూ నీలం రంగు, ఎంత రుద్దినా పోయేది కాదు. పెళ్లి చేసుకోలేదు, తల్లి శాంతమ్మ దగ్గరే ఉండేవాడు. మందిరంలో డోలక్ వాయించేవాడు. నాకంటే ముందు నుంచి తాగేవాడు, నాకంటే ఎక్కువ తాగేవాడు. మేమిద్దరం బావా బావమరుదులం అని పేరే గానీ కలిస్తే అంగడి దగ్గరే కలిసేవాళ్లం.

ఒక ఏడు ఎండలు ముదిరే ముందు ఈ మందిరం ఆవరణలోనే మూడు రోజులు ఉజ్జీవ కూటాలు పెట్టారు. ఆఖరి రోజు ఆదివారం మధ్యాహ్నం బోధకుడు, తాగుడు మానదలచినవాళ్లు నిలబడమని పిలిచాడు. మొదట సుంకన్న నిలబడ్డాడు. వాడు నిలబడ్డాక నేను కూర్చుని ఉండలేక నిలబడ్డాను. వాడు నడుముకు దోపుకున్న సీసా తీసి అందరి ముందు ఇసుకలో పోసేశాడు. జనమంతా స్తోత్రం చెప్పారు, మా అత్త ఏడ్చింది, మన సంఘం అయ్యగారు మా ఇద్దరి తలల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. నేను నిజంగానే మానాలనుకున్నాను. ఆ పొద్దు నా మనసులో మోసం లేదు.

సోమవారం ఉదయం ఆదోనిలో నిద్రలేచేసరికి గ్లాసుతో నీళ్లు కూడా నోటి దాకా తీసుకుపోలేకపోయాను. వాంతి చేసుకున్నాను. గుండె చెవిలో కొట్టుకుంటోంది. ఈ ఒక్కరోజుకు, ఈ ఒక్క గ్లాసుకు క్షమించు ప్రభువా అని చెప్పుకుని సారాయంగడికి పోయాను. ఆదివారం మధ్యాహ్నం చేసిన ప్రమాణం సోమవారం ఆరున్నరకల్లా అయిపోయింది. ఎవరికీ చెప్పలేదు.

సుంకన్న మాత్రం మాట తప్పలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి వచ్చిన ఒక నేతాయన ఫ్యాక్టరీ గేటు దగ్గర నన్ను పిలిపించి, నీ బావమరిదికి బాగాలేదు, ఏదేదో మాట్లాడుతున్నాడు, పొమ్మని చెప్పాడు. సుందరమ్మను తీసుకుని బస్సెక్కాను. ఎక్కే ముందు రెండు గ్లాసులు వేసుకున్నాను.

మేం పోయేసరికి ఇంటి నిండా మనుషులు. సుంకన్న చాప మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా నీళ్లలో ముంచి తీసినట్టుగా చెమట. రెండు చేతులతో గాలిలోంచి దారాలు పీకి పక్కన వేస్తున్నాడు, పీకి వేస్తున్నాడు, అవి అక్కడ లేవు. నూలు చిక్కు పడిందని, చీమలు ఎక్కుతున్నాయని అరుస్తున్నాడు. తల్లిని గుర్తుపట్టలేదు. పొద్దున ఒకసారి కొయ్యబారి పడి, కొట్టుకుని, నాలుక కొరుక్కున్నాడట. సంఘ పెద్దలు చూసి, ఇన్నేళ్లు వీణ్ణి పట్టిన దురాత్మ విడిచి పోతూ పగ తీర్చుకుంటోందన్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఆ మాట నేను ఇక్కడ గట్టిగా చెబుతున్నాను. పనులు మానుకుని, తిండి మానుకుని, వంతులేసుకుని ప్రార్థన చేశారు. వాడు లేచి గోడలకేసి పోతుంటే నులక తాడుతో కట్టారు. ఉపవాస ప్రార్థన కాబట్టి వాడికీ నీళ్లివ్వలేదు. నేను వాడి కాళ్లు కదలకుండా పట్టుకున్నాను. బుధవారమంతా పట్టుకున్నాను. మధ్యలో బయటికి పోయి తాగి వచ్చి మళ్లీ పట్టుకున్నాను.

ఆ రోజు సాయంత్రమే ఒక పెద్దాయన ముక్కు చిట్లించి, "సారాయి వాసన వస్తాంది. వీడు దేవునికి మాటిచ్చి దొంగతనంగా తాగినాడు, అందుకే ఇట్లయింది" అన్నాడు.

ఆ వాసన నాది. వాడి కాళ్ల దగ్గర కూర్చున్న నా నోటిది. గదిలో అందరూ సుంకన్న వైపు చూశారు. నేను కూడా సుంకన్న వైపు చూశాను.

గురువారం పొద్దెక్కాక మళ్లీ ఫిట్టు వచ్చింది, అది ఆగలేదు. మానేసిన నాలుగో రోజు నా బావమరిది చనిపోయాడు. ముప్పై మూడేళ్లవాడు. మాట తప్పి, దురాత్మతో పోయినవాడని శవాన్ని మందిరంలోకి తీసుకురానివ్వలేదు. సమాధుల తోటలో ఒక మూలన, పాట లేకుండా, ప్రార్థన లేకుండా పూడ్చారు. మా అత్త శాంతమ్మ ఆ తర్వాత మందిరం గడప తొక్కలేదు.

మాట నిలబెట్టుకున్నవాడు పోయాడు, మాట తప్పినవాడు మిగిలాడు. దేవుడు దీన్ని ఎట్లా చూసి ఊరుకున్నాడని నేను అడిగాను, జవాబు రాలేదు, రాకపోవడమే నాకు వీలుగా ఉందని తాగాను. అట్లా రెండేళ్లు.

ఇల్లు గడవక సుందరమ్మ ఆదోనిలో సర్కారు ఆసుపత్రిలో ఆయాగా చేరింది. నేను ఒకరోజు ఇంజను ఆపకుండానే రోలరు సరిచేయబోయి ఎడమచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాను. మేస్త్రీ నన్ను ఫిట్టరు పని నుంచి తీసి ఆవరణ ఊడ్చే పనికి పెట్టాడు. కట్టుతో ఇంటికి వచ్చి, ఈరోజుతో మానేస్తున్నానని భార్యకు చెప్పాను. ఆమె సంతోషిస్తుందనుకున్నాను.

"ఈ పొద్దు మానద్దు" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"పోయిన నెల మా వార్డుకు ఒకాయన్ని ఎత్తుకొచ్చినారు. హాలహర్వి దిక్కు మనిషి. తాగుడు మానేసి మూడు దినాలంట. నా తమ్ముని మాదిరే గాలిలో దారాలు పీకుతాండాడు. చీమలు చీమలు అంటాండాడు. నేను గోడ పట్టుకుని నిలబడినా. డాక్టరు సూది ఏసినాడు, మాత్రలిచ్చినాడు. ఎనిమిదో దినం ఆ మనిషి తన కాళ్ల మీద తాను నడ్చుకుంటా పోయినాడు."

నా కట్టు చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"దెయ్యమైతే సూదికి పోతాదా? ఊరికే మానేసి నువ్వు కూడా సచ్చిపోతావు. రేపు పొద్దున ఆసుపత్రికి పోదాం. ఆడ చెప్పినట్ల మానుదువు." తర్వాత తల దించుకుని, "ఆ పొద్దు వాసన నీదని నాకు తెలుసు" అంది.

ఆ మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

మరునాడు ఉదయం నా చేతులు మామూలుగానే వణుకుతున్నాయి. పెళ్లయినప్పటి నుంచి సారాయి సీసాను చేత్తో తాకని మనిషి, ఆ ఉదయం సీసా తీసి, గ్లాసులో సగానికి పోసి, దారిలో ఫిట్టు రాకుండా ఇంతే తాగమని నా చేతికిచ్చింది. నేను తాగాను. అట్లా ఆసుపత్రికి నడిచాం.

డాక్టరుగారు ముస్లిం, ఆదోని మనిషే. నాడి చూశారు, చేతులు చాపమన్నారు, నాలుక చాపమన్నారు, కళ్లు చూశారు, ఎన్నేళ్ల నుంచి తాగుతున్నావు, పొద్దున్నే తాగుతావా, ఎప్పుడైనా ఫిట్టు వచ్చిందా అని అడిగారు. తిట్టలేదు. ఏం పని చేస్తావని అడిగితే చెప్పాను. అప్పుడాయన నన్నే ఒక ప్రశ్న వేశారు.

"మీ ఇంజను అన్ని మిషన్లనూ లాగుతా ఉంది. బెల్టులన్నీ ఒకేసారి జారిపోయినాయనుకో. ఏమైతాది?"

"పరుగెత్తుతాది సార్. వేగాన్ని అదుపుచేసే గవర్నరు పట్టకపోతే చక్రం పగిలిపోతాది."

"నీ తలకాయలోనూ అంతే. మెదడులో నరాలను పరుగెత్తించే మందులు కొన్ని, నిలబెట్టే మందులు కొన్ని, దేవుడు పెట్టినవే ఉంటాయి. సారాయి నిలబెట్టే దిక్కు బరువేస్తాది. ఏండ్ల తరబడి ఆ బరువు లాగి లాగి మెదడు పరుగెత్తించే దిక్కు పెంచుకుంటాది. ఇప్పుడు నువ్వు ఒక్కసారిగా బరువు తీసేస్తే అది పగ్గం లేకుండా పరుగెత్తుతాది. ఆ వణుకు అదే. చెమట అదే. ఫిట్లు అవే, చీమలు అవే."

నేను సుంకన్న సంగతి చెప్పాను. తాడు సంగతి, నీళ్ల సంగతి, అంతా చెప్పాను, వాసన సంగతి తప్ప. ఆయన కలం కింద పెట్టి విన్నారు.

"దెయ్యం కాదప్పా. జబ్బు. ఎక్కువ తాగేవాడు ఊరికే మానేస్తే వచ్చే జబ్బు. మొదటి దినమే తెచ్చింటే బతికించే దారి ఉండేది."

"మా వాళ్లు ప్రార్థన చేసినారు సార్."

"ప్రార్థన మాట నీకూ నీ దేవునికీ మధ్యది. చేసుకో, నేను వద్దనను. మందు మాట నాది."

నన్ను వార్డులో పడుకోబెట్టారు. మొదట రోజుకు నాలుగు సార్లు మాత్రలు, అవి సారాయి వేసే బరువులో కొంత తాము వేసి నరాలను పట్టి ఉంచుతాయట, రెండు రోజులకొకసారి లెక్క తగ్గించుకుంటూ వస్తారట, బెల్టులను ఒక్కొక్కటిగా దించినట్టు. రోజూ బి-వన్ విటమిన్ సూది వేశారు, ఏళ్ల తరబడి తిండి సరిగా లేక తాగినవాళ్ల మెదడు అది లేక పాడవుతుందని చెప్పారు. నీళ్లు తాగించారు, నీళ్లు తాగించేటప్పుడు సుంకన్న గుర్తొచ్చి నేను తల తిప్పుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం దుప్పటి మీద చీమలు కనబడ్డాయి. కానీ అవి పలచగా ఉన్నాయి, ఉన్నాయా లేవా అన్నట్టు, నేను సుందరమ్మను అడిగితే లేవంది, లేవని నమ్మగలిగాను. సుంకన్నకు అట్లా చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు. వాడికి అవి నిజంగానే ఉన్నాయని మేమంతా చెప్పాం, దెయ్యం పేరు పెట్టి మరీ చెప్పాం.

ఆ మంచం మీద చేసిన ప్రార్థన నాకు గుర్తుంది. ప్రభువా, నేను మంచివాణ్ణవుతానని చెప్పను, ఆ మాట ఇచ్చి తప్పాను, నా నోట్లో ఉన్న ఒక మాట బయటపెట్టే దాకా నన్ను బతికించు, అది చెప్పాక నీ ఇష్టం. ఇంతే అడిగాను. సహోదరులారా, నాలుగో రోజు వచ్చింది, నాలుగో రోజు పోయింది, నేను బతికే ఉన్నాను. తొమ్మిదో రోజు ఉదయం సుందరమ్మ నా చేతిలో నిండా నీళ్లున్న గ్లాసు పెట్టింది, ఒక చుక్క కూడా పడలేదు. దేవునికి స్తోత్రం కలుగుగాక! ఆ పొద్దు నాకు ఆ మాట నోటి నుంచి దానంతట అదే వచ్చింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు ఇంకో మాత్ర ఇచ్చారు. వణుకు పోయింది గానీ ఆశ పోలేదు, ఆశకు ఇది కాపలా, ఇది రోజూ వేసుకునేవాడు సారాయి తాగితే ఆ సారాయి ఒంట్లో విషంగా నిలిచిపోయి ప్రాణం మీదికి వస్తుంది, తెలిసి ఒప్పుకుంటేనే వేసుకో అన్నారు. ఒప్పుకున్నాను. నాలుగు నెలలకు ఫ్యాక్టరీలో ఒకడు పెళ్లి సంబరమని పోయిస్తే, ఒక్క గుక్కే కదా అని తాగాను. పావుగంటలో మొహం నిప్పులాగా ఎర్రబారి, గుండె దడదడలాడి, ఊపిరి అందక, వాంతులతో గేటు దగ్గర పడిపోయాను. మళ్లీ అదే ఆసుపత్రి, అదే డాక్టరు. ఆయన అప్పుడూ తిట్టలేదు. ఇది దాచిపెట్టి ఒక్క ప్రార్థనతో అంతా అయిపోయిందని చెబితే వినడానికి బాగుంటుంది, కానీ అట్లా జరగలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మళ్లీ ముట్టుకోలేదు, ఇప్పటికి ఆరేళ్లు దాటింది.

ఆ రెండోసారి ఇంటికి వచ్చిన వారంలోనే ఎమ్మిగనూరుకు వచ్చాను. మా అత్త గుమ్మం దగ్గర చెనక్కాయలు వలుస్తూ కూర్చుని ఉంది. నేను నేల మీద కూర్చున్నాను. ఎట్లా మొదలుపెట్టాలో బస్సులో అనుకున్నదంతా మరిచిపోయాను.

"అత్తా, సుంకన్న తాగలేదు. ఆ పొద్దు వాసన నాది. తాగింది నేను. నేను సోమవారమే మాట తప్పినా. వాడు తప్పలేదు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. తిడుతుందని, పొమ్మంటుందని అనుకున్నాను. "ఇంకోసారి చెప్పు" అంది.

మళ్లీ చెప్పాను. డాక్టరు చెప్పింది కూడా చెప్పాను, అది దెయ్యం కాదని, జబ్బని, వాడు మానేశాడు కాబట్టే వచ్చిందని. తాగి ఉంటే ఆ ఫిట్లు వచ్చేవే కావు, అవి రావడమే వాడు తాగలేదనడానికి సాక్ష్యం అని. ఆమె చెరగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నాకు తెలుసప్పా" అంది చివరికి. "నా బిడ్డ తాగలేదని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం, ఎవరు నమ్మినారు? నాకు చెప్తే సాలదు. ఆడికి పోయి, వాళ్లందరి ముందర చెప్పు."

ఆ ఆదివారమే ఇక్కడ నిలబడి చెప్పాను. మీలో చాలామంది ఆ రోజు ఉన్నారు. మొదట కొంత గొణుగుడు వినబడింది, విడుదల మాత్రల వల్ల వచ్చిందా ప్రభువు వల్ల వచ్చిందా అని ఒకరడిగారు. ఆ డాక్టరును ఆ కుర్చీలో కూర్చోబెట్టినవాడు, నా భార్యను ఆ వార్డుకు పంపి ఆ మనిషిని ఆమె కళ్ల ముందు నడిపించినవాడు ఎవరో నాకు తెలుసు, అంతవరకే చెప్పాను. అప్పుడు ఆ వాసన మాట అన్న పెద్దాయన లేచాడు. నన్నేమీ అనలేదు. కర్ర ఊతంగా పట్టుకుని బయటికి నడిచాడు, అలిగి పోతున్నాడనుకున్నాం. వాకిట్లో ఆగి, వెనక్కి తిరిగి, "అయ్యా, సమాధుల తోటకు పోదాం రాండి. ఆ బిడ్డకు చేయాల్సింది మనం చేయలేదు" అన్నాడు.

సంఘమంతా నడిచింది. దారిలో మా అత్తను పిలుచుకున్నాం. ఆ మూలన నిలబడి రెండేళ్లకు పైగా ఆలస్యంగా పాట పాడాం, అయ్యగారు ప్రార్థన చేస్తూ మధ్యలో ఆగి, సంఘం తరఫున, తన తరఫున క్షమాపణ అడిగారు. మా అత్త పాడలేదు, కానీ చివరిదాకా నిలబడింది. మరుసటి ఆదివారం వచ్చి స్త్రీల వరసలో కూర్చుంది, ఈరోజు కూడా కూర్చుని ఉంది.

సహోదరులారా, సుంకన్న ఎందుకు పోవాలి, నేను ఎందుకు ఉండాలి అనేదానికి నాకు ఇప్పటికీ జవాబు లేదు. ఉన్నాను కాబట్టి పని చేస్తున్నాను, మళ్లీ ఫిట్టరుగానే తీసుకున్నారు. నాకు ప్రాణమిచ్చిన ప్రభువుకు, నా భార్యకు, ఆ డాక్టరుగారికి మీ అందరి ముందు కృతజ్ఞతలు చెబుతున్నాను.

ఇంకాసేపట్లో బోధకుడు పిలుస్తారు. తాగుడు మానదలచినవాళ్లు నిలబడండి, భయపడకండి, ప్రభువు మిమ్మల్ని తోసివేయడు, నన్నే తోసివేయలేదు. నిలబడి ప్రార్థన చేయించుకోండి. కానీ రోజూ పొద్దున్నే తాగనిదే చెయ్యి నిలవని స్థితిలో ఉన్నవాళ్లు ఇంటికి పోయి తలుపేసుకుని ఒంటరిగా మానకండి. సీసా ఇక్కడ పారబోయకండి. అమ్మలారా, అక్కలారా, మీ ఇంట్లో మనిషి మానేసి వణుకుతుంటే, లేనివి కనబడుతున్నాయంటుంటే, తాడు వెతకకండి, నీళ్లివ్వండి, బండి కట్టండి. రేపు ఉదయం మొదటి ఆదోని బస్సు దగ్గర నేను ఉంటాను. నోట్లో వాసన ఉన్నా రండి, చేతులు వణుకుతున్నా రండి, నా పక్కన కూర్చోండి, వార్డు దాకా నేనే తీసుకుపోతాను. మనతోపాటు ఆ బస్సెక్కే ప్రభువుకే మహిమ.